సాంచాలు ఆగిన ఊళ్లో మానసిక ఆరోగ్య సేవను నిలబెట్టడం ఎలా

మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్లలో పాతికవేలకు పైగా మరమగ్గాలు ఉన్నాయి. ఊరివాళ్లు వాటిని సాంచాలంటారు. నూలు సమకూర్చి గుడ్డ తీసుకునే యజమాని, ఆ నూలుతో తన సాంచాల మీద గుడ్డ నేయించి ఇచ్చే ఆసామి, 12 గంటల పాళీలో ఆ సాంచాలను నడిపే కార్మికుడు, సాంచాలకు నూలు సిద్ధం చేస్తూ భీములు నింపి కండెలు చుట్టే వైపని వాళ్లు, ఇంటి దగ్గర బీడీలు చుట్టే ఆడవాళ్లు, వీళ్లలో ఒకరి దగ్గర డబ్బు ఆగితే మిగతా అందరి దగ్గరా ఆగుతుంది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డరు ఏటా కొన్ని నెలల పాటు ఈ ఊరికి పని చూపించింది. 2024లో ఆ ఆర్డరు లేకపోయేసరికి చాలా కార్ఖానాలు మూతపడ్డాయి, కార్మికుల ఆత్మహత్యల వార్తలు మళ్లీ పత్రికలకెక్కాయి. 2025లో మహిళా సంఘాల సభ్యులకిచ్చే చీరల ఆర్డరు రావడంతో సాంచాలు తిరిగి ఆడాయి.

ఒక ఏడాది పని, మరో ఏడాది పస్తు అన్నట్టు సాగే ఇలాంటి ఊళ్లో బస్తీ మనుషులే నడిపే మానసిక ఆరోగ్య సేవను ఎలా మొదలుపెట్టాలో, ఎలా నిలబెట్టాలో చెప్పడానికే ఈ వ్యాసం. సిరిసిల్లను ఉదాహరణగా తీసుకున్నాను. మహిళా సమాఖ్యల్లో, కార్మిక సంఘాల్లో, కుల సంఘాల్లో, బడుల్లో, బస్తీ దవాఖానాల్లో పనిచేస్తూ ‘మా వాడలో ఏదో ఒకటి చేయాలి’ అనుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. అప్పు ఊసెత్తని కౌన్సెలింగూ, మనసు సంగతి అడగని ఆర్థిక సాయమూ రెండూ సగం పనులే. ఆ రెండూ ఒకే గదిలో, ఒకే మనిషి ద్వారా అందినప్పుడే కుటుంబం తేరుకుంటుంది.

ముందు బస్తీ తెలియాలి

బోర్డు కట్టి కుర్చీలు వేయడానికి ముందు కనీసం ఒక నెల రోజులు వాడల్లో తిరగడానికి కేటాయించండి. బీవై నగర్, సుందరయ్యనగర్, తంగళ్లపల్లి వైపు ఉన్న కాలనీలు ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా ఉంటాయి. ఏ వాడలో ఎన్ని కార్ఖానాలు నడుస్తున్నాయో, ఎన్ని మూతపడ్డాయో, పని వెతుక్కుంటూ భివండికో సూరత్‌కో పోయినవాళ్ల ఇళ్లు ఎన్నో ఆశా కార్యకర్తలకూ, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా తరఫున వాడల్లో పనిచేసే రిసోర్స్ పర్సన్లకూ (ఆర్పీలకూ) నోటిలెక్కగా తెలిసే ఉంటుంది. వాళ్లను వెంటబెట్టుకునే తిరగండి.

తిరుగుతూ ఒక క్యాలెండరు రాసుకోవాలి. ప్రైవేటు ఫైనాన్సు వాళ్లు, మైక్రోఫైనాన్సు వాళ్లు ఏ వాడలో ఏ రోజు వసూలుకు వస్తారు, కూలి ఏ రోజు చేతికొస్తుంది, జూన్‌లో బడి ఫీజుల ఒత్తిడి ఎవరి మీద ఎక్కువ, ఆర్డరు పూర్తయి కొత్త ఆర్డరు రాని నెలలు ఏవి, పండుగకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకురాలేకపోయామని బాధపడే ఇళ్లెన్ని, ఇవన్నీ అందులో ఉండాలి. మనుషులు ఎప్పుడు కుంగిపోతారో సగం ఈ క్యాలెండరే చెప్తుంది. వసూలు రోజుకు ముందు రోజు సాయంత్రం మీ మనిషి ఆ వాడలో ఉండేట్టు చూసుకోవడం ఏ పోస్టరుకన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇంకో మాట. కార్మికుల కోసమే అని చెప్పి మొదలుపెడితే ఆసాములు గడప తొక్కరు. నాలుగు సాంచాలు కొనడానికి అప్పు చేసి, అవి ఆగిపోయి, నిన్నటిదాకా తాను పని ఇచ్చిన మనిషి ముందు తల దించుకోవాల్సి వచ్చిన ఆసామికి ఉండే అవమానం చిన్నది కాదు, ఆత్మహత్య చేసుకున్నవాళ్లలో ఆసాములూ ఉన్నారు. కాబట్టి సేవ పేరులో వర్గం ఉండకూడదు, ‘పిచ్చి’ అనే ధ్వని కూడా రాకూడదు. రంది (దిగులు) ఉన్నవాళ్లు వచ్చి మాట్లాడుకునే చోటు అని నలుగురికీ తెలిస్తే చాలు.

మాట వినేవాళ్లను ఎంచుకోవడం

సైకియాట్రిస్టులు లేనిదే మానసిక వైద్యం ఎలా అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది, రుగ్మతను బట్టి వాళ్లలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఇంతమందిని చూసేటన్ని చేతులు వైద్యుల దగ్గర లేవు. అందుకే మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి వైద్యుడి పర్యవేక్షణలో పని చేయించే పద్ధతిని చాలా దేశాలు పరీక్షించి చూశాయి.

జింబాబ్వే రాజధాని హరారేలో జరిగింది ఇక్కడ చెప్పుకోవాలి. 2005లో అక్కడి ప్రభుత్వం పేదల ఇళ్లను, చిరు వ్యాపారాలను కూల్చివేసింది. దాదాపు 7 లక్షల మంది ఇల్లో, బతుకుతెరువో, రెండూనో కోల్పోయారని ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. మరుసటి ఏడాది డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు ఎంబారే అనే పేదల ప్రాంతంలో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, దవాఖానా ఆవరణలో చెట్టు కింద బల్ల వేసి కూర్చోబెట్టాడు. స్నేహపు బల్ల అని పేరు తెచ్చుకున్న ఆ పద్ధతిని తర్వాత 24 క్లినిక్కుల్లో 573 మందితో పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. 6 నెలల తర్వాత, మామూలు వైద్యం పొందినవాళ్లలో సగం మందికి కుంగుబాటు లక్షణాలు అలాగే ఉంటే, బల్ల దగ్గర మాట్లాడినవాళ్లలో ఏడింట ఒకరికే మిగిలాయి. మన దేశంలో గోవాలోనూ ఇదే దారిలో పరిశోధనలు జరిగాయి. మానసిక వైద్యంలో డిగ్రీలు లేని మామూలు కౌన్సెలర్లు ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోబెట్టి మాట్లాడితే తీవ్రమైన కుంగుబాటు సైతం తగ్గుతుందని అవి చూపించాయి. ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి జిల్లాలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి ఇలాంటి పనే చేయించారు.

సిరిసిల్లలో ఆ బల్ల మీద ఎవరు కూర్చోవాలి? చదువు ఏడో తరగతైనా చాలు. ఆ వాడలో పదేళ్లుగా ఉంటున్న మనిషి కావాలి. ఒకరింటి మాట ఇంకొకరింట్లో చెప్పదని పేరున్న మనిషి కావాలి. వడ్డీకి డబ్బులిచ్చేవాళ్లు, చిట్టీలు నడిపేవాళ్లు ఎంత మంచివాళ్లైనా ఈ పనికి పనికిరారు, ఎందుకంటే అప్పు ఉన్నవాడు వాళ్ల ముందు నోరు విప్పడు. రాజకీయ పార్టీ పదవి ఉన్నవాళ్లనూ పక్కన పెట్టండి. నడి వయసు దాటిన బీడీ కార్మికురాళ్లు, సాంచాలు మానేసిన పెద్దమనుషులు, విశ్రాంత అంగన్‌వాడీ టీచర్లు బాగా సరిపోతారు. ఆడవాళ్లే అన్ని చోట్లా సరిపోతారనుకోవద్దు. తాగుడు గురించి, ఇంట్లో చెయ్యి చేసుకోవడం గురించి మగవాళ్లు మగవాళ్లతోనే మొదలుపెడతారు. అదే చెయ్యి తగిలిన ఆడమనిషి మగవాడి ముందు చెప్పదు. ప్రతి వాడకూ ఇద్దరేసి ఉంటే మేలు.

శిక్షణ కోసం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని పట్టుకోండి. 1996లో మొదలైన ఈ కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు ఉండాలి, మందులు ఉచితంగా ఇవ్వాలి. సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉంది. కార్యక్రమ అధికారికి, జిల్లా దవాఖానా సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, శిక్షణకు ఒక వైద్యుణ్ణి, వారానికోసారి ఫోన్‌లో దొరికే ఒక సైకాలజిస్టును అడగండి. రెండు వారాల శిక్షణలో సగం కాలం పాఠాలకు కాకుండా ఒకరితో ఒకరు మాట్లాడి చూసుకోవడానికే వాడాలి. మాట వినడమనేది పుస్తకంతో వచ్చేది కాదు.

ఎక్కడ, ఎప్పుడు

సాంచాలు ఆడుతున్న కార్ఖానాలో పక్కనున్న మనిషి మాటే వినపడదు. అక్కడ కలిసి పలకరించవచ్చు కానీ మాట్లాడలేరు. బస్తీ దవాఖానాలో ఒక మూల, మార్కండేయ గుడి పక్కన అరుగు, మహిళా సమాఖ్య గది, వీటిలో ఏదైనా పరవాలేదు. లోపలికి వచ్చేవాళ్లు దేనికి వచ్చారో బయటివాళ్లకు తెలియకూడదన్నదే ముఖ్యం. బీపీ, షుగరు చూసే చోటే ఈ పనీ జరిగితే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. పగటి పాళీ, రాత్రి పాళీ మారే వేళలకు ముందూ వెనకా గది తెరిచి ఉంచాలి. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు ఆఫీసు వేళల్లో నడిపితే పనిలో ఉన్న మగవాళ్లు ఒక్కరూ రారు.

అయితే తొలి ఆరు నెలలు ఎవరూ మీ గదికి రారనే లెక్కతో ఉండండి. మీరే ఇళ్లకు వెళ్లాలి.

మొదటి మాట

ఒక ఇల్లు అనుకుందాం. వాకిట్లో ఇల్లాలు ఒళ్లో చాట పెట్టుకుని, తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి బీడీ చుట్టి దారం కడుతోంది. భర్త లోపల గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రెండు నెలలుగా కార్ఖానా బంద్. వినడానికి వెళ్లిన మనిషి ముందు ఆమె పక్కన కూర్చుని రెండు ఆకులు అందుకోవాలి. చేతులు పనిలో ఉన్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది, ఎదురెదురుగా కళ్లలోకి చూస్తూ మాట్లాడాల్సిన ఇబ్బంది కూడా ఉండదు. ‘వదినా, అన్న ఈ నడుమ బయటికి కనబడుతలేడు’ అని అడిగితే ఆమె చెప్పేది చెప్తుంది. ఆ తర్వాత అతని దగ్గరికి వెళ్లాలి.

‘అన్నా, రాత్రి నిద్ర పడుతున్నదా?’

నిద్రతోనే మొదలుపెట్టండి. నిద్ర గురించి, ఆకలి గురించి అడిగితే ఎవరికీ తప్పుగా అనిపించదు. ‘ఏం నిద్ర, తెల్లారేదాక అదే రంది’ అని అతనంటే వెంటనే ధైర్యం చెప్పడానికి పూనుకోవద్దు. ‘ఎన్ని దినాల సంది అట్లున్నది?’ అని అడిగి ఊరుకోండి. మధ్యలో అతను ఆగిపోతే మీరూ ఆగండి. ఆ మౌనాన్ని భరించడమే శిక్షణలో అన్నిటికన్నా కష్టంగా పట్టుబడే విద్య. ‘కష్టాలు అందరికీ ఉన్నయి’, ‘మొగోనివై ఉండి ఏడుస్తవా’, ‘పిల్లల మొఖం చూసి ధైర్యం తెచ్చుకో’, ‘దేవుని మీద భారం వేయి’, ఈ నాలుగు మాటలూ ఎంత ప్రేమతో అన్నా మనిషి నోరు మూయిస్తాయి. పిల్లల మొహం చూసే అతను కుంగిపోతున్నాడు.

తర్వాత, అడగడానికి నోరు రాని ప్రశ్న అడగాలి. ‘అంత రందిల ఉన్నప్పుడు బతుకు మీద విరక్తి పుట్టి సచ్చిపోవాలె అని ఎన్నడన్నా అనిపించిందా అన్నా?’ అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు గానీ, అలా జరగదని పరిశోధనలు చెప్తున్నాయి. ఎవరూ అడగకపోవడం వల్ల ఒంటరిగా మోస్తున్న మాట బయటికి వచ్చి మనిషి కాస్త తేలికపడతాడు. ‘అనిపించింది’ అంటే, ఎప్పుడు, ఎంత తరచుగా, ఎలా చేయాలనే దాకా ఆలోచన వెళ్లిందా, అందుకు కావలసినవి ఏమైనా దగ్గర పెట్టుకున్నాడా అని నెమ్మదిగా తెలుసుకోవాలి. ఎలా చేయాలో అనుకుని, వస్తువు కూడా సిద్ధం చేసుకున్న మనిషిని ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలకూడదు. ఆ పరిస్థితిలో ఏం చేయాలో కింద విడిగా చెప్పాను.

ఎవరి బాధ ఎంత తీవ్రమైనదో తేల్చుకోవడానికి ఒక కొలత ఉండాలి. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు అడిగి కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 పత్రం తెలుగులో దొరుకుతుంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది దాటితే సైకాలజిస్టుతో మాట్లాడించాలి, ఇరవై దగ్గరికి వస్తే ఆ వారంలోనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. మిగతా ఎనిమిదింటికి సున్నా వచ్చినా సరే, తొమ్మిదోదానికి ‘అవును’ అన్నవాళ్లను వదలకూడదు. ఈ పత్రాన్ని మొదటి పలకరింపులోనే జనాభా లెక్కలవాళ్లలా చేతిలోకి తీస్తే ఆ ఇంటి తలుపు మళ్లీ తెరుచుకోదు. మాట కలిశాక, వాళ్ల ముందే చదివి వినిపిస్తూ నింపాలి.

ఒక్క సమస్యను పట్టుకోవడం, ఆ తర్వాత అప్పు

రెండోసారి కలిసినప్పుడు ఒక కాగితం మీద అతని కష్టాలన్నీ రాయించండి. ఫైనాన్సు కిస్తీ, కరెంటు బిల్లు, బిడ్డ కాలేజీ ఫీజు, అన్నదమ్ములతో మాటల్లేకపోవడం, తాగుడు, నడుం నొప్పి. అన్నీ ఒకేసారి మీద పడ్డట్టుండే మనిషికి అవి లెక్కకు వస్తాయని తెలియడమే పెద్ద ఊరట. వాటిలో ఒక్కదాన్ని అతన్నే ఎంచుకోనివ్వాలి. మనకు తాగుడు పెద్ద సమస్యగా కనిపించవచ్చు, అతను బిడ్డ ఫీజు అంటే ఫీజుతోనే మొదలుపెట్టాలి. దానికి ఎన్ని దారులున్నాయో కలిసి ఆలోచించి, వచ్చే వారంలోపు చేయగలిగిన ఒక్క చిన్న పని తేల్చుకోవాలి. కాలేజీ ప్రిన్సిపాలును కలవడం, స్కాలర్‌షిప్ దరఖాస్తు ఎక్కడ ఆగిందో కనుక్కోవడం, అంతే. మరుసటి వారం ఆ పని అయ్యిందా, కాకపోతే ఎక్కడ ఆగింది అని అడగాలి. హరారేలోని అవ్వలు చేసిందీ ఇదే. సలహా ఇవ్వడం తేలిక, కానీ ఎదుటివాడు తన దారి తాను వెతుక్కునేదాకా పక్కన కూర్చోవడమే అతని చేతికి బలాన్ని తిరిగిస్తుంది.

సిరిసిల్ల వంటి ఊళ్లో ఆ కాగితం మీద మొదటి వరుసలో దాదాపు ఎప్పుడూ అప్పే ఉంటుంది. అందుకని మీ గదిలో అప్పుల సంగతి తెలిసిన మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి. విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఎవరైనా వారానికి ఒక పూట కూర్చుంటే చాలు. అప్పు పుస్తకాలు, కార్డులు, ఫోన్‌లోని లోన్ యాప్‌లు అన్నీ ముందు పెట్టించి, ఎవరికెంత, వడ్డీ ఎంత, నెలకెంత కట్టాలి అన్నది ఒకే పట్టికలో రాయించాలి. భార్యకు తెలియని అప్పు ఒకటి తరచూ బయటపడుతుంది. ఆమెకు ఎలా చెప్పాలో ముందే మాట్లాడుకోవాలి.

రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన మైక్రోఫైనాన్సు నిబంధనలను పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పు మైక్రోఫైనాన్సు అప్పు. ఆ కుటుంబం కట్టాల్సిన అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటేట్టు కొత్త అప్పు ఇవ్వకూడదు. వసూలుకు ఉదయం 9 గంటల లోపూ సాయంత్రం 6 తర్వాతా రాకూడదు, ఫోన్లు చేయకూడదు. బెదిరించకూడదు, తిట్టకూడదు, బంధువులనూ ఇరుగుపొరుగునూ వేధించకూడదు. చాలామందికి ఈ సంగతులు తెలియవు. ఇంటి ముందు కూర్చుని పరువు తీసే ఏజెంటు చేస్తున్నది నిబంధనలకు విరుద్ధమని తెలిసిన రోజు మనిషి వెన్ను కాస్త నిటారవుతుంది. ప్రైవేటు వడ్డీ వ్యాపారుల దగ్గర తీసుకున్న అప్పులకు ఈ నిబంధనలు వర్తించవు. బెదిరింపులుంటే పోలీసుల దగ్గరికీ, న్యాయ సలహాకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికీ వెళ్లాలి. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు అక్కడ వకీలు ఉచితం. ఫోన్ నంబరు 15100. దీనితో పాటు పింఛను, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ దరఖాస్తులు ఎక్కడ ఆగాయో కనుక్కునే పని ఆర్పీలకు అప్పగిస్తే వాళ్లకు అది చేతిలో పనే.

వైద్యుడికి అప్పగించాల్సినప్పుడు

మాటతో తగ్గని జబ్బులు ఉంటాయి. లేని గొంతులు వినబడుతున్నాయనేవాళ్లను, ఎవరో చంపడానికి చూస్తున్నారని నమ్మేవాళ్లను, రోజుల తరబడి నిద్ర లేకుండా అతిగా మాట్లాడుతూ ఉన్నదంతా ఖర్చుపెట్టేవాళ్లను, తిండీ నీళ్లూ మానేసి మంచం దిగనివాళ్లను, కాన్పయిన కొన్ని వారాల్లో బిడ్డను పట్టించుకోకుండా పోయిన బాలింతలను ఆలస్యం లేకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. భూతవైద్యుడి దగ్గరికో దర్గాకో వెళ్తామని కుటుంబం అంటే వాదించకండి. అక్కడికి వెళ్లినా మందులు ఆపవద్దని ఒప్పించండి. కుంగుబాటు మందులు పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారం వాడి ‘గుణం లేదు’ అని మానేయడం, నెల వాడి ‘తగ్గింది’ అని మానేయడం రెండూ ఎక్కువే కాబట్టి, మందు మొదలైన మొదటి రెండు నెలలు ప్రతి వారం ఇంటికి వెళ్లి చూడాలి.

తాగుడు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ‘ఇవ్వాళటి నుంచి బంద్’ అని ఒట్టు పెట్టించడం మన ఊళ్లలో అలవాటు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్, లేనివి కనిపించడం, మతి తప్పడం జరగవచ్చు. అది ప్రాణాలు తీస్తుంది. కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్ల పరిస్థితి ఇంకా ప్రమాదం, ఎందుకంటే అందులో అల్ప్రాజోలం, డైజిపామ్ వంటి మత్తుమందులు కలుపుతారు. 2015 సెప్టెంబరులో దాడులు జరిగి కల్తీ కల్లు దొరకనప్పుడు తెలంగాణ జిల్లాల్లో వందలమంది వింత ప్రవర్తనతో, ఫిట్స్‌తో దవాఖానాలకు చేరడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాబట్టి మానాలనుకున్న మనిషిని ముందు దవాఖానాకు తీసుకెళ్లి, మందుల సాయంతో, వైద్యుడి కళ్లముందే మాన్పించాలి. ఒట్లూ దీక్షలూ ఆ తర్వాత.

ప్రాణం మీదికి వచ్చిన రాత్రి

చావాలని నిశ్చయించుకున్నాడని తెలిసిన మనిషి దగ్గర ఒకరు కూర్చుని ఉండగా ఇంకొకరు ఫోన్ చేయాలి. టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. భివండిలో ఉన్న మన ఊరి మనిషి కూడా ఇదే నంబరుకు చేయవచ్చు. ఇప్పటికే ఏదైనా మింగినా, గాయపరచుకున్నా వేరే ఎవరికీ కాదు, 108కి చేయాలి. పురుగుమందు తాగినవాళ్లకు ఉప్పునీళ్లు, పేడనీళ్లు పట్టి కక్కించవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తుంది. డబ్బా వెంట తీసుకెళ్తే వైద్యుడికి పనికొస్తుంది. ఇంట్లో ఉన్న పురుగుమందులు, మాత్రలు, తనకు హాని చేసుకోవడానికి వాడతాడని అనుమానమున్న వస్తువులు కొన్ని వారాల పాటు వేరే ఇంట్లో ఉంచడం వల్ల చాలా ప్రాణాలు దక్కుతాయి. ఆ తలంపు తీవ్రంగా ఉండేది సాధారణంగా కొద్దిసేపే, ఆ కాసేపు చేతికి ఏదీ అందకుండా ఉంటే చాలు.

పోలీసు కేసవుతుందని భయపడి దాచే కుటుంబాలకు చట్టం సంగతి చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించకూడదని, అతనికి చికిత్స, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిదని చెప్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లేనే లేదు.

వినేవాళ్లను కాపాడుకోవడం, ఖర్చు, రహస్యం

రోజూ ఇతరుల దుఃఖం వినే మనిషి ఇంట్లోనూ అప్పులుంటాయి, ఆమె సాంచాలూ ఆగే ఉంటాయి. వారానికోసారి అందరూ కూర్చుని, పేర్లు చెప్పకుండా కష్టమైన సంగతులు సైకాలజిస్టు ముందు పెట్టుకునే సమావేశాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ మానవద్దు. ఒకరి చేతి కింద ఒకే కాలంలో పది, పన్నెండు కుటుంబాలకు మించి ఉండకూడదు. ఉచిత సేవ పేరుతో పేద ఆడవాళ్లను ఊరికే తిప్పడం అన్యాయం. బీడీలు చుట్టే సమయం ఇక్కడ పెడుతున్నారు కాబట్టి ఆ కూలికి తగ్గకుండా గౌరవ వేతనం, ఫోన్ ఖర్చు ఇవ్వాలి. మున్సిపాలిటీ, కుల సంఘాలు, ఊరు విడిచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు తలా కొంత వేస్తే ఇది నడవనంత పెద్ద మొత్తం కాదు. విదేశాల్లో ఉన్న మన ఊరివాళ్లు గుడికి ఇచ్చినట్టే దీనికీ ఇస్తారు, నెలనెలా లెక్క చూపించగలిగితే.

రిజిస్టరులో పేరు బదులు నంబరు రాసి, నంబరుకు పేరు కలిపే పుస్తకాన్ని వేరే చోట తాళంలో ఉంచండి. వాట్సాప్ గ్రూపుల్లో ఒక్కరి వివరం కూడా పెట్టవద్దు. సాయం చేసిన కుటుంబంతో ఫొటో దిగి పేపరుకు ఇచ్చిన రోజు ఆ వాడలో మీ పని ముగిసినట్టే.

చావు జరిగిన ఇంటికి

ఎంత చేసినా కొన్ని ప్రాణాలు పోతాయి. అప్పుడు ఆ ఇంటికి వెళ్లడం కూడా ఈ సేవలో భాగమే, ఎందుకంటే ఆత్మహత్య జరిగిన కుటుంబంలో మిగిలినవాళ్లకు ఆ ప్రమాదం మామూలుకన్నా ఎక్కువ. మొదటి రోజుల్లో మాటలు అక్కర్లేదు. పోస్టుమార్టం దగ్గర తోడుండటం, శవం ఇంటికి చేరేదాకా వెంట ఉండటం, పిల్లలకు అన్నం పెట్టడం చాలు. ‘ఎందుకు చేసిండు’ అని ఎవరూ భార్యను నిలదీయకుండా అడ్డుండండి. పిల్లలకు ‘నాయిన ఊరికి పోయిండు’ అని అబద్ధం చెప్పకుండా, వాళ్ల వయసుకు తగినట్టు నిజం చెప్పేలా పెద్దవాళ్లను సిద్ధం చేయాలి. విలేకరులు వస్తే ఎలా చనిపోయాడో వివరాలు రాయవద్దని, ఫొటో వేయవద్దని, వార్త చివర 14416 నంబరు వేయాలని కోరండి. చాలామంది మన్నిస్తారు.

దశదినకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక అసలు పని మొదలవుతుంది. అప్పులవాళ్లు పదకొండో రోజు నుంచి వస్తారు. ఏ అప్పుకు ఇన్సూరెన్సు ఉందో, ఏది భార్య కట్టాల్సిన పని లేదో అప్పటికే పట్టిక తయారై ఉండాలి. మరణ ధ్రువీకరణ పత్రం, వితంతు పింఛను దరఖాస్తు, పిల్లల బడి, గురుకుల ప్రవేశం, వీటన్నిటికీ ఒకే మనిషిని బాధ్యులుగా పెట్టి, కనీసం ఏడాది పాటు నెలకోసారి ఆ ఇంటికి పంపండి. ఆ వాడలో అదే వయసున్న, అదే కార్ఖానాలో పని చేసిన మగవాళ్ల జాబితా ఒకటి రాసుకుని, రెండు వారాల్లోపు ప్రతి ఒక్కరినీ విడివిడిగా కలిసి నిద్ర సంగతి అడగండి.